పందెం ఎవరిది? ఐరిష్ డెర్బీ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఐర్లండ్‌లోని కిల్డేర్ జిల్లా కర్రా మైదానంలో మూడేళ్ల మేలుజాతి గుర్రాలకు ఏటా వేసవిలో జరిగే పందెం ఐరిష్ డెర్బీ. 1866లో మొదలైన ఈ పందెం పేరు, దూరం, నియమాలు ఇంగ్లండ్ నుంచి వచ్చినవే. వలసపాలన, స్వాతంత్ర్యం, దేశవిభజన, వలసపోవడం, లాటరీ, విదేశీ పెట్టుబడి వంటి ఐరిష్ చరిత్ర ఘట్టాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ పందెంలో కనిపిస్తాయి. అరువు తెచ్చుకున్న ఒక సంస్థ తెచ్చుకున్నవారి సొంతం ఎప్పుడవుతుంది, ఎంతవరకు అవుతుంది అన్న ప్రశ్నను ఈ పందెం చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విజేతలైన గుర్రాల పేర్లను కూడా ఇందులో చారిత్రక సాక్ష్యంగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: ఐరిష్ డెర్బీ, కర్రా, వలసపాలన, హాస్పిటల్స్ స్వీప్‌స్టేక్, బరోడా, ఆగాఖాన్, నామవిజ్ఞానం.

1. ఉపోద్ఘాతం

తెలుగు చదువరులకు ఐర్లండ్ ప్రధానంగా జాతీయోద్యమం ద్వారా పరిచయం. వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లడం, 1916 తిరుగుబాటు జరిగిన సంవత్సరమే తిరిగిరావడం, హోంరూల్ అన్న మాట అక్కడినుంచి ఇక్కడికి రావడం అందరూ ఎరిగినవే. ఒకే సామ్రాజ్యం కింద నలిగిన రెండు దేశాల బంధుత్వంగా ఈ సంబంధాన్ని చెప్పుకోవడం అలవాటు. అయితే ఆ రెండు దేశాలకూ సామ్రాజ్యం నుంచి సంక్రమించినవాటిలో పార్లమెంటు, రైలు, న్యాయస్థానాలతో పాటు గుర్రప్పందెం కూడా ఉంది. పోరాటచరిత్రలు రాసేవారు దాన్ని సాధారణంగా పక్కన పెడతారు. జూదంగా, దొరల కాలక్షేపంగా కనిపించే విషయానికి గంభీరమైన చరిత్ర ఉండదన్న భావన అందుకు కారణం కావచ్చు. ఐరిష్ డెర్బీ విషయంలో ఆ భావన నిలవదు.

పందెం నియమాలు సరళమైనవి. దూరం మైలున్నర, అంటే సుమారు 2,400 మీటర్లు. పాల్గొనే గుర్రాలన్నీ మూడేళ్లవే. మేలుజాతి గుర్రం ఏ నెలలో పుట్టినా దాని వయసును జనవరి 1 నుంచే లెక్కిస్తారు గనుక, గుర్రం తన జీవితంలో ఒక్కసారి మాత్రమే ఈ పందెంలో పరుగెత్తగలదు. మగ, ఆడ గుర్రాలు రెండూ పాల్గొనవచ్చు గాని వృషణాలు తొలగించిన గుర్రాలకు ప్రవేశం లేదు. ఈ చివరి నియమమే పందెం అసలు ప్రయోజనాన్ని బయటపెడుతుంది. తరువాతి తరానికి తండ్రిగా, తల్లిగా ఏ గుర్రం తగినదో తేల్చే పరీక్ష ఇది. బహుమతి సొమ్ముకంటె ఆ తరువాత సంతానోత్పత్తి ద్వారా వచ్చే ఆదాయమే యజమానికి పెద్దది.

2. పేరు

1780లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్‌లో మొదలైన పందానికి 12వ డెర్బీ ప్రభువు పేరు పెట్టారు. బ్రిటన్‌లోను ఐర్లండ్‌లోను ఆ మాటను ‘డార్బీ’ అని పలుకుతారు. అమెరికన్ ఉచ్చారణకు దగ్గరైన ‘డెర్బీ’ తెలుగు పత్రికల్లో స్థిరపడింది. ఒక మనిషి బిరుదు ఒక పందెం పేరైంది. కాలక్రమంలో అదే జాతివాచకమై ప్రతి దేశానికీ ఒక డెర్బీ ఏర్పడింది. హైదరాబాదులోని మలక్‌పేట మైదానంలో అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీ కూడా ఆ వంశంలోనిదే. గాంధీ జయంతి నాడు ఒక ఆంగ్ల ప్రభువు పేరుతో పందెం జరగడంలోని వింత ఎవరికీ తట్టనంతగా ఆ పేరు మన భాషలో కలిసిపోయింది.

ఐర్లండ్‌లో మాత్రం ఆ పేరు అంత సులువుగా కుదురుకోలేదు. 1817లో కర్రాలో ‘ఓ డార్బీ స్టేక్స్’ పేరుతో ఒక ప్రయత్నం జరిగింది. ఐరిష్ ఇంటిపేర్లకు ముందు ‘ఓ’ చేర్చడం ఆనవాయితీ. దాని అర్థం ‘మనుమడు’, ‘వంశీయుడు’ అని. ఇంగ్లిషు బిరుదుకు ఐరిష్ ఉపసర్గను తగిలించిన ఈ పేరులో చమత్కారమూ ఉంది, సంకోచమూ ఉంది. ఆ పందెం నిలవలేదు. 1848లో ‘కర్రా డెర్బీ’ అన్న మరో ప్రయత్నం కూడా వేళ్లూనుకోలేదు. 1848 ఐర్లండ్‌ను మహాక్షామం పీడిస్తున్న కాలమన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ వైఫల్యానికి వేరే వివరణ అక్కరలేదు.

1866లో మూడో ప్రయత్నం నిలిచింది. హౌత్ ప్రభువు, డ్రోహెడా ప్రభువు, చార్లెమాంట్ ప్రభువు దానికి పూనుకున్నారు. ముగ్గురూ భూస్వామ్య కులీనవర్గానికి చెందినవారే. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఫీనియన్ విప్లవకారులను అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్‌లో హెబియస్ కార్పస్ హక్కును రద్దు చేసింది. దేశంలో విచారణ లేకుండా నిర్బంధాలు జరుగుతున్న వేసవిలో తొలి ఐరిష్ డెర్బీ నడిచింది, సెలీం అనే గుర్రం గెలిచింది. మొదట పందెం దూరం 1 మైలు 6 ఫర్లాంగులకు కొంచెం ఎక్కువ. 1872లో దాన్ని మైలున్నరకు తగ్గించి ఎప్సమ్ దూరానికి సమానం చేశారు. కొలతలో కూడా మాతృకను అనుసరించిన తరువాతనే పందెం స్థిరపడింది.

3. మైదానం

కర్రా సుమారు 5,000 ఎకరాల పచ్చిక మైదానం. చెట్టు లేదు, కంచె లేదు. నేల అడుగున సున్నపురాయి, కంకర ఉండటంవల్ల వాన నీరు నిలవదు, గడ్డి బలమైనది. గుర్రాల ఎముకలకు ఈ నేల మేలు చేస్తుందని అక్కడివారి విశ్వాసం. కిల్డేర్ క్షేత్రానికి అధిదేవత వంటి సెయింట్ బ్రిజిడ్ తన పైవస్త్రం పరచినంత మేర భూమిని కోరిందని, అది పెరిగి మైదానమంతా కప్పిందని స్థానిక ఐతిహ్యం. మన వామనుడి మూడడుగుల కథ ఎరిగినవారికి ఈ కథ ఎత్తుగడ కొత్తగా అనిపించదు. ప్రాచీన కాలంలో ఇక్కడ సంతలు, రథపు పందేలు జరిగేవన్న సంప్రదాయం కూడా ఉంది. కాబట్టి కర్రాలో గుర్రాన్ని పరుగెత్తించడం ఇంగ్లిషువారు నేర్పిన విద్య కాదు. నియమబద్ధమైన పందెం, వంశావళి పుస్తకం, బిరుదుల పేర్లు మాత్రమే వారి చేర్పు.

ఈ మైదానానికి మరో ముఖం ఉంది. క్రిమియా యుద్ధం కోసం 1855లో బ్రిటిష్ సైన్యం ఇక్కడ శాశ్వత శిబిరం నిర్మించింది. పందెం చూసే జనంలో సైనికాధికారులు ప్రముఖంగా ఉండేవారు. 1914 మార్చిలో అల్‌స్టర్‌ను బలవంతంగా హోంరూల్‌కు లొంగదీయమంటే ఉద్యోగాలు వదులుకుంటామని ఆశ్వికదళ అధికారులు ప్రకటించిన ‘కర్రా ఘటన’ ఈ శిబిరంలోనిదే. 1922 మేలో శిబిరం ఐరిష్ సైన్యం చేతికి వచ్చింది. ఆ వెంటనే వచ్చిన అంతర్యుద్ధంలో కొత్త ప్రభుత్వం తన ఒకప్పటి సహచరులను అక్కడే నిర్బంధించింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో డి వలేరా ప్రభుత్వం కూడా రిపబ్లికన్లను అక్కడే ఉంచింది. మైదానంలో ఒకవైపు ముళ్లకంచెలు, మరొకవైపు పందెపు గీతలు. 1866 నుంచి ఒక్క ఏడాది కూడా పందెం ఆగలేదు. 1916 వేసవిలోను, 1919–21 స్వాతంత్ర్యయుద్ధంలోను, 1922–23 అంతర్యుద్ధంలోను విజేతల పట్టికలో ఖాళీ లేదు.

దీన్ని క్రీడ గొప్పతనంగా చెప్పుకొనేవారున్నారు. వేరే వివరణ కూడా సాధ్యమే. గుర్రాల పెంపకం ఆ ప్రాంతపు రైతుకు, కూలికి, కమ్మరికి, రైల్వేకు, బుకీకి బతుకుతెరువు. దాన్ని ఆపితే నష్టపోయేది ఏ పక్షమూ దూరం చేసుకోలేని జనమే. మరో విశేషం, 1921లో దేశం రెండుగా విడిపోయినా పందేల పాలన విడిపోలేదు. 1790 నాటి టర్ఫ్ క్లబ్ అధికారం సరిహద్దుకు ఉత్తరాన బ్రిటన్ ఏలుబడిలో ఉన్న మైదానాలపై కూడా యథాతథంగా కొనసాగింది. రాజకీయంగా సాధ్యపడని ఐక్య ఐర్లండ్ గుర్రప్పందేల నియమావళిలో మిగిలింది. అయితే ఆ ఐక్యతను కాపాడినది జాతీయవాదం కాదు, పాత కులీనవర్గపు క్లబ్బు.

4. ఓర్బీ – 1907

తొలి నలభై ఏళ్లలో ఐరిష్ డెర్బీ ఎక్కువగా ద్వితీయశ్రేణి పందెం. ఇంగ్లండ్‌లోని ఉత్తమాశ్వాలు ఎప్సమ్ వదిలి వచ్చేవి కావు. 1895లో పోర్ట్‌మార్నక్ 12 గుర్రాల నిడివి తేడాతో గెలవడం ఆ కాలపు చిరస్మరణీయ ఘట్టం. డబ్లిన్ సమీపంలోని ఒక సముద్రతీర గ్రామం పేరు ఆ గుర్రానిది.

పరిస్థితిని కదిలించినవాడు రిచర్డ్ క్రోకర్. కార్క్ జిల్లాలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరి, న్యూయార్క్‌లోని టమ్మనీ హాల్ రాజకీయ యంత్రాంగానికి అధినాయకుడై, అవినీతి ఆరోపణల మధ్య పదవి వదిలి తిరిగివచ్చినవాడు. ఇంగ్లిషు పందేల కేంద్రమైన న్యూమార్కెట్‌లో తన గుర్రాలకు శిక్షణ ఇప్పించుకోవడానికి అతనికి అనుమతి దొరకలేదు. దాంతో డబ్లిన్ దగ్గర గ్లెన్‌కెయిర్న్‌లో సొంత ఏర్పాట్లు చేసుకున్నాడు. అక్కడ తయారైన ఓర్బీ 1907లో ఎప్సమ్ డెర్బీని గెలిచింది. ఐర్లండ్‌లో శిక్షణ పొందిన గుర్రం ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. అదే ఏడాది కర్రాలో ఐరిష్ డెర్బీని కూడా గెలిచి, రెండింటినీ సాధించిన మొదటి గుర్రమైంది.

ఐర్లండ్‌లో ఆ విజయాన్ని మంటలు వేసి పండుగ చేసుకున్నారు. క్యాథలిక్ గుర్రం డెర్బీ గెలిచే రోజు చూశామని ఒక ముసలమ్మ దేవుడికి దండం పెట్టిందన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజంగా జరిగిందా అన్నదానికంటె, అలాంటి కథ పుట్టి నిలవడమే చరిత్రకారుడికి ముఖ్యం. గుర్రానికి మతం ఉండదు. యజమాని చరిత్ర కూడా గర్వించదగినదేమీ కాదు. అయినా న్యూమార్కెట్ కాదన్నవాడు ఎప్సమ్‌లో గెలిచాడన్న ఒక్క కారణం జనానికి సరిపోయింది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ రోజు జనం పండుగ చేసుకున్నది ఎప్సమ్ విజయాన్ని. సొంత గడ్డమీది పందేనికి విలువ ఇంకా పరాయి పందెం నుంచే రావలసి ఉంది.

5. సాయాజీరావు, నాథూ, హిందోస్తాన్

విజేతల పట్టికను వరుసగా చదువుకుంటూ వచ్చే భారతీయ పాఠకుడు 1947 దగ్గర తప్పక ఆగుతాడు. ఆ ఏడాది విజేత సాయాజీరావు, 1948లో నాథూ, 1949లో హిందోస్తాన్. భారతదేశం స్వతంత్రమవుతున్న మూడేళ్లూ ఐరిష్ డెర్బీ విజేతలకు భారతీయ నామాలే.

సాయాజీరావు యజమాని బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గాయక్వాడ్. 1945లో ఎప్సమ్ డెర్బీ గెలిచిన డాంటేకు ఇది సొంత తమ్ముడు. ఆ ఏడాదే ఏడాది వయసు పిల్లగా వేలానికి వచ్చినప్పుడు మహారాజు 28,000 గినీలు పెట్టి కొన్నారు. గినీ అంటే 21 షిల్లింగులు గనుక అది 29,400 పౌన్లు. ఆ వయసు గుర్రానికి అప్పటివరకు ఎవరూ అంత ధర ఇవ్వలేదు. గుర్రానికి తన తాత పేరు పెట్టారు. ఆ తాత మూడో సాయాజీరావు నిర్బంధ ప్రాథమిక విద్యకు, గ్రంథాలయోద్యమానికి పేరుపొందిన పాలకుడు. 1913లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లినది ఆయన ఇచ్చిన విద్యార్థివేతనంతోనే. మనుమడు ఆ పేరును ఒక గుర్రంపై నిలపడంలో గౌరవం ఉందో లేదో పాఠకులు నిర్ణయించుకోవచ్చు. పందేల లోకంలో మాత్రం అది గౌరవమే.

1947లో సాయాజీరావు ఎప్సమ్‌లో మూడో స్థానం పొంది, కర్రాలో గెలిచి, సెప్టెంబరులో డాంకాస్టర్‌లో సెయింట్ లెజర్ కూడా గెలిచింది. జాకీ ఎడ్గార్ బ్రిట్ ఆస్ట్రేలియన్, అంతకుముందు భారతదేశంలో మహారాజు తరఫున స్వారీ చేసినవాడు. కర్రా విజయానికి, డాంకాస్టర్ విజయానికి మధ్య ఆగస్టు 15 వచ్చి వెళ్లింది. మొదటి పందెం నాటికి యజమాని బ్రిటిష్ సార్వభౌమత్వం కింది సంస్థానాధీశుడు, రెండో పందెం నాటికి భారత యూనియన్‌లో చేరిన రాజు. 1949లో బరోడా బొంబాయి రాష్ట్రంలో విలీనమైంది. 1951లో ప్రతాప్‌సింగ్‌కు పాలకుడిగా ఉన్న గుర్తింపును భారత ప్రభుత్వం తొలగించింది. సంస్థానపు ఖజానా నుంచి పెద్ద మొత్తాలు తీసుకున్నారన్నది ఆయనపై వచ్చిన ఆరోపణల్లో ఒకటి. గినీల లెక్క ఎక్కడో ఒకచోట రైతు కట్టిన శిస్తు లెక్కను తాకకుండా ఉండదు.

నాథూ, హిందోస్తాన్ రెండూ కరాచీలో పుట్టిన మూడో ఆగాఖాన్‌వి. నిజారీ ఇస్మాయిలీల ఇమాము, ముస్లిం లీగ్ తొలి అధ్యక్షుడు అయిన ఆయన 1920ల నుంచి కర్రా పరిసరాల్లో స్టడ్ ఫామ్‌లు నెలకొల్పారు. 1925లో జియోనిస్ట్, 1932లో దస్తూర్, 1940లో తుర్కాన్ అనే ఆయన గుర్రాలు అంతకుముందే ఇదే పందెం గెలిచాయి. దేశవిభజన తరువాత రెండేళ్లకు, ముస్లిం లీగ్ తొలి అధ్యక్షుడి గుర్రం ‘హిందోస్తాన్’ పేరుతో గెలవడం చరిత్ర చేసే తమాషాల్లో ఒకటి. అదే 1949 ఏప్రిల్ 18న ఐర్లండ్ గణతంత్రమై కామన్వెల్త్ విడిచింది. సరిగ్గా పదిరోజుల తరువాత లండన్ ప్రకటన ద్వారా గణతంత్రంగానే కామన్వెల్త్‌లో కొనసాగడానికి భారతదేశానికి దారి ఏర్పడింది. బంధువులమని చెప్పుకొనే రెండు దేశాలు ఒకే మాసంలో రెండు దారులు పట్టాయి.

ఈ మూడు విజయాలను ‘భారతీయ విజయాలు’ అని లెక్కించడం పొరపాటు. గుర్రాలు బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో పుట్టి ఇంగ్లండ్‌లో శిక్షణ పొందినవి. వాటిని కొన్న సొమ్ము సామ్రాజ్య వ్యవస్థలో కూడబెట్టినది. అయితే ఐరిష్ కోణం నుంచి చూస్తే ఇవి మరో సంగతి చెబుతాయి. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు దాటినా జాతీయ పందెపు బహుమతిని తరచు ఇంగ్లండ్ గుర్రపుశాలల నుంచి వచ్చినవారే తీసుకుపోతున్నారు.

6. న్యాయనిర్ణేతల గదిలో

1950లలో ఈ అసంతృప్తి రెండుసార్లు బయటపడింది. 1953లో మొదట గీత దాటినది ప్రెమొనిషన్. దాని శిక్షకుడు బ్రిటిష్ రాణి గుర్రాలకు శిక్షణ ఇచ్చే బాయిడ్-రాచ్‌ఫోర్ట్. దారి అడ్డగించిందన్న కారణంతో న్యాయనిర్ణేతలు దాన్ని అనర్హంగా ప్రకటించి, విన్సెంట్ ఓబ్రియన్ శిక్షణలోని షామియేకు విజయం ఇచ్చారు. శిక్షకుడి ఆగ్రహం చాలాకాలం చల్లారలేదు.

రెండో ఘటన 1960లో జరిగింది. అదే ఓబ్రియన్ దగ్గరున్న షామూర్ అనే గుర్రానికి ఒక చిన్న పందెం తరువాత చేసిన పరీక్షలో ఉత్తేజక ద్రవ్యపు ఆనవాలు కనబడిందని టర్ఫ్ క్లబ్ అతని లైసెన్సును 18 నెలలపాటు రద్దుచేసింది. గుర్రపుశాల బాధ్యత తమ్ముడికి వచ్చింది. ఆ తమ్ముడి పేరుమీద పరుగెత్తిన షామూర్ అదే ఏడాది ఐరిష్ డెర్బీ గెలిచింది. గెలుపు ప్రకటించగానే జనం విన్సెంట్ కావాలని కేకలు వేశారు. ఆ సమయానికి అతను మైదానంలో లేడు, ఉండే హక్కూ లేదు. తరువాత నిషేధకాలాన్ని తగ్గించారు, 1961లో అతను తిరిగి పనిలో చేరాడు. ఓర్బీ నాటి జనం పరాయి వ్యవస్థపై గెలుపును పండుగ చేసుకుంటే, షామూర్ నాటి జనం సొంత దేశంలోనే ఉన్న పాత వ్యవస్థను నిలదీశారు. పందెం తమదని జనం గట్టిగా అన్న మొదటి సందర్భం ఇదేననడం అతిశయోక్తి కాదు.

7. లాటరీ సొమ్ము – 1962

స్వతంత్ర ఐర్లండ్‌లో ఆసుపత్రులకు డబ్బు లేదు. ధర్మాసుపత్రుల కోసం లాటరీ నడపడానికి 1930లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ అవకాశాన్ని అందుకున్నవారు ముగ్గురు: బుకీ రిచర్డ్ డగ్గన్, ఇంజనీరు స్పెన్సర్ ఫ్రీమన్, మాజీ మంత్రి జో మెగ్రా. మెగ్రా 1916 తిరుగుబాటులో పాల్గొన్నవాడు, 1922లో కార్మికశాఖ మంత్రి, 1924లో సైన్యంలో వచ్చిన తిరుగుబాటు సంక్షోభంలో రాజీనామా చేసినవాడు. ఇలా పుట్టినదే ఐరిష్ హాస్పిటల్స్ స్వీప్‌స్టేక్. టికెట్ల ప్రతులను పెద్ద పీపాలో వేసి తిప్పితే యూనిఫారం ధరించిన నర్సులు తీసేవారు. టికెట్‌కు ఒక గుర్రం జతపడేది, ఆ గుర్రం గెలిస్తే టికెట్ కొన్నవారికి అదృష్టం. ఇలాంటి పద్ధతికి అంతకుముందు ప్రపంచంలో పేరుమోసినది కలకత్తా టర్ఫ్ క్లబ్ ఎప్సమ్ డెర్బీపై నడిపిన స్వీప్ అన్నది భారతీయ చరిత్రకారులు గుర్తుంచుకోదగినది.

డబ్లిన్‌లోని బాల్స్‌బ్రిడ్జ్ కార్యాలయంలో వేలాది మహిళలు గుమాస్తాలుగా పనిచేశారు. పెళ్లయితే ఉద్యోగం మానవలసిన నియమాలు అమలులో ఉన్న దేశంలో ఇది చిన్న సంగతి కాదు. అయితే టికెట్లు ప్రధానంగా అమ్ముడైనది ఐర్లండ్‌లో కాదు. బ్రిటన్, అమెరికా, కెనడాలలో. ఆ దేశాల చట్టాల ప్రకారం అది నేరం. బ్రిటన్ 1934లో దీన్ని అడ్డుకోవడానికే ప్రత్యేకంగా చట్టం బిగించింది. టికెట్లు దొంగదారిన ఓడల్లో వెళ్లేవి, డబ్బు మారుపేర్ల చిరునామాలకు వచ్చేది. ఇంకో వైపరీత్యం ఏమిటంటే, ఈ ఐరిష్ లాటరీ మూడు దశాబ్దాలపాటు ప్రధానంగా ఆధారపడినది ఎప్సమ్ డెర్బీ, గ్రాండ్ నేషనల్ వంటి ఇంగ్లిషు పందేలపైనే. ఐరిష్ ఆసుపత్రి మంచాలు ఇంగ్లిషు గుర్రాల పరుగుతో ముడిపడ్డాయి.

1962లో మెగ్రా ఆ ముడి విప్పాడు. స్వీప్ ఆర్థిక సహాయంతో పందెం ‘ఐరిష్ స్వీప్స్ డెర్బీ’గా మారింది. జూన్ 30, శనివారం. మొదటి బహుమతి 50,000 పౌన్లు దాటి ఎప్సమ్‌ను మించింది. అంతకుముందు సంవత్సరపు బహుమతికి ఇది ఎన్నో రెట్లు. ఆ రోజు గెలిచినది ఫ్రాన్స్ నుంచి వచ్చిన టాంబరీన్. ఐరిష్ శిక్షణలోని ఆర్కిటిక్ స్టార్మ్ తల పొడవుకన్నా తక్కువ తేడాతో ఓడింది. సొంత పందేన్ని ప్రపంచస్థాయికి ఎత్తిన తొలిరోజే బహుమతి సముద్రం దాటిపోయింది.

ఆనాటి దేశస్థితిని పక్కన పెట్టి ఈ ఘట్టాన్ని అర్థం చేసుకోలేము. 1951–61 మధ్య నాలుగు లక్షల మందికి పైగా దేశం విడిచారు. 1961 జనగణనలో రిపబ్లిక్ జనాభా 28 లక్షల 18 వేలకు దిగిపోయింది. 1958 నుంచి ప్రభుత్వం రక్షిత ఆర్థికవిధానం వదిలి విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచింది. 1961 జులైలో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరడానికి దరఖాస్తు పెట్టింది. ఆ సంవత్సరపు చివరిరోజున జాతీయ టెలివిజన్ ప్రారంభమైంది. స్వీప్స్ డెర్బీ ఈ మలుపులో భాగం. సొమ్ము పెట్టి ప్రపంచాన్ని ఇంటికి పిలవడం అప్పటి జాతీయ విధానం, పందెం ఆ విధానానికి పచ్చికమీద నడిచిన రూపం.

ఆ సొమ్ము ఎవరిదన్నదే అసలు ప్రశ్న. టికెట్ల విక్రయం చాలావరకు విదేశాల్లోని ఐరిష్ సంఘాల అల్లికమీద నడిచింది. పనికోసం ఇల్లు వదిలిన కూలీ, ఇళ్లలో పనిచేసే స్త్రీ, వారి ఇరుగుపొరుగు కొన్న చీటీల డబ్బే కర్రాలో బహుమతిగా మారింది. వలసపోయినవారి ఉత్తరంలో ఇంటికి వచ్చే డబ్బు గురించి ఐరిష్ చరిత్రలో ఎంతో రాశారు. లాటరీ కూడా అలాంటి డబ్బేనని గుర్తించినవారు తక్కువ. 1973 జనవరిలో సండే ఇండిపెండెంట్ పత్రికలో జో మెకాంథొనీ రాసిన పరిశోధన కథనం, టికెట్ల అసలు విలువలో ఆసుపత్రులకు చేరినది చిన్న భాగమేనని, నిర్వాహకులు అపారంగా సంపాదించారని బయటపెట్టింది. సొమ్మొకడిది సోకొకడిది అన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చరిత్రకారిణి మేరీ కోల్‌మన్ ఈ లాటరీపై రాసిన గ్రంథం వచ్చాక ఈ విషయంలో అమాయకత్వానికి చోటులేదు. అయినా ఒక సంగతి కాదనలేము. ఆ డబ్బు లేకపోతే ఐరిష్ డెర్బీ ఈనాటికీ స్థానిక పందెంగానే మిగిలి ఉండేది.

8. ఆ తరువాత

ఫలితం త్వరగా కనిపించింది. 1964లో శాంటాక్లాజ్ ఓర్బీ తరువాత రెండు డెర్బీలు గెలిచిన రెండో గుర్రమైంది. 57 ఏళ్లు ఎదురుచూసిన ఆ ఘనతను తరువాతి పదిహేడేళ్లలో నిజిన్‌స్కీ, గ్రండీ, ద మిన్‌స్ట్రెల్, షర్లీ హైట్స్, ట్రాయ్, షెర్గార్ వరుసగా సాధించాయి. ఎప్సమ్ విజేత కర్రాకు రావడం ఆనవాయితీ అయింది. 1992లో ఐరిష్ శిక్షణలోని సెయింట్ జోవైట్, ఆ ఏడాది ఎప్సమ్ విజేతను 12 గుర్రాల నిడివితో వెనక్కినెట్టి, పోర్ట్‌మార్నక్ నెలకొల్పిన తేడాను 97 ఏళ్ల తరువాత అందుకుంది. 1981 విజేత షెర్గార్‌ను 1983 ఫిబ్రవరిలో కర్రా దగ్గరి స్టడ్ ఫామ్ నుంచి ముసుగు మనుషులు ఎత్తుకుపోయారు, అది మళ్లీ దొరకలేదు.

1969లో ఆర్థికమంత్రి చార్లెస్ హాహీ, సంతానోత్పత్తి గుర్రాల మీద వచ్చే ఆదాయానికి పన్ను మినహాయించారు. ప్రపంచంలోని మేటి మగ గుర్రాలు ఐర్లండ్‌లో స్థిరపడటానికి అది ముఖ్యకారణం. దీనివల్ల బలపడిన పెద్ద స్టడ్ ఫామ్‌ల అండతో, విన్సెంట్ ఓబ్రియన్‌కు బంధువు కాకపోయినా అదే ఇంటిపేరు గల ఎయిడన్ ఓబ్రియన్ శిక్షణలోని గుర్రాలు 2006 నుంచి 2012 వరకు వరుసగా ఏడేళ్లు ఈ పందెం గెలిచాయి. ఇంగ్లండ్ గుర్రాలు బహుమతి తీసుకుపోతున్నాయన్న పాత ఫిర్యాదు పోయి, ఒకే గుర్రపుశాల అంతా గెలుస్తోందన్న కొత్త ఫిర్యాదు వచ్చింది. పందెం ఐరిష్‌ది అయినంత మాత్రాన ఐరిష్ జనానిది అయిపోదని ఈ దశ చూపుతుంది.

స్వీప్‌స్టేక్ 1987లో మూతపడింది. అదే ఏడాది ప్రభుత్వమే జాతీయ లాటరీని ప్రారంభించింది. అప్పటికే పందేనికి ఒక అమెరికన్ బీరు కంపెనీ ప్రాయోజకురాలు. 2008 నుంచి ఆ స్థానం దుబాయి విమానాశ్రయపు సుంకరహిత దుకాణాల సంస్థది. గుర్రాల పన్ను మినహాయింపు రద్దయినదీ 2008లోనే. ప్రాయోజకులు మారినప్పుడల్లా పందెం పేరుకు ముందు మాట మారింది, ‘ఐరిష్ డెర్బీ’ అన్నది మాత్రం మారలేదు.

2025లో ఎప్సమ్‌లోను కర్రాలోను గెలిచిన గుర్రం ఐర్లండ్‌లో ఎయిడన్ ఓబ్రియన్ శిక్షణలో తయారైనది. దాని పేరు లాంబోర్న్. పందెపు గుర్రాల శిక్షణకు పేరుమోసిన ఒక ఇంగ్లిషు గ్రామం పేరది.